హెక్జామిన్ ఇన్హిబిటర్ టెస్టు: ఫలితం ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది

ప్రశ్న: అంబత్తూర్‌లో చిన్న పికిలింగ్ యూనిట్ (యాసిడ్‌లో ముంచి స్టీలు మీది తుప్పు తీసేది) మాది. మైల్డ్ స్టీల్‌కి 1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో స్టీలును యాసిడ్ తినేయకుండా ఆపే మందుగా (ఇన్హిబిటర్) లీటరుకి 5 గ్రాముల హెక్జామిన్ వేస్తున్నాం. టెస్టుకి 50×25×2 మి.మీ. కూపన్లు (స్టీలు ముక్కలు), 250 మి.లీ. బీకర్లో రెండేసి, 24 గంటలు. బరువు నష్టం ఎంత తగ్గిందో లెక్కేస్తే ఒకసారి రక్షణ 90 శాతం దాటుతుంది, ఇంకోసారి 60 దగ్గరే ఆగుతుంది. మందు మార్చాలా?

జవాబు 1: మందు జోలికి ఇప్పుడే పోకండి, ముందు బీకర్ మార్చండి. ఒక కూపన్‌కి అన్ని ముఖాలూ కలిపి 28 చదరపు సెం.మీ. చదరపు సెంటీమీటరుకి కనీసం 20 మి.లీ. ద్రావణం కావాలి, అంటే కూపన్‌కి 560 మి.లీ. మీకు చదరపు సెంటీమీటరుకి నాలుగున్నర మి.లీ. కూడా అందడం లేదు. బ్లాంక్‌లో (మందు వేయని బీకర్) రెండు కూపన్లూ కలిసి 1 గ్రాము కరిగితే బీకర్లోని యాసిడ్‌లో 14 శాతం ఖర్చయిపోతుంది. బ్లాంక్ అలా నీరసపడితే దాని నష్టం తక్కువగా తేలి, హెక్జామిన్ బాగా పనిచేసినా శాతం పడిపోతుంది. లీటరు బీకర్, ఒక్క కూపన్, 6 గంటలు చాలు. నైలాన్ దారంతో వేలాడదీయండి. రాగి తీగ అయితే స్టీలు ఇంకా వేగంగా కరుగుతుంది.

షీరింగ్‌లో (రేకు కత్తిరించేటప్పుడు) నలిగిన అంచులే ముందు కరిగిపోతాయి. 220, 400, 600 నంబర్ల ఎమరీ పేపరు అంచులకీ పట్టించాలి. అసిటోన్‌తో తుడిచాక చేత్తో ముట్టొద్దు. మద్రాసు తేమలో శుభ్రమైన స్టీలు ఇట్టే మసకబారుతుంది, కాబట్టి తూచేదాకా తేమ చేరని మూత పాత్ర, డెసికేటర్‌లోనే ఉంచండి. త్రాసు 0.1 మి.గ్రా. వరకు చూపాలి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మా ట్యాంకు 60 డిగ్రీల్లో నడుస్తుంది. టెస్టు గది వేడిలో చేస్తే సరిపోతుందా?

జవాబు 2: సరిపోదు సర్, టెస్టు కూడా 60 డిగ్రీల్లోనే పెట్టండి. హెక్జామిన్ యాసిడ్‌లో విరిగి ఫార్మాల్డిహైడ్, అమ్మోనియం ఉప్పు అవుతుంది, వేడి పెరిగేకొద్దీ త్వరగా. నిన్న కలిపిన యాసిడ్‌తో ఒక రోజు, అప్పుడే కలిపినదానితో ఇంకో రోజు చేసి ఉంటే తేడాకి అదీ ఒక కారణమే. ఎప్పటికప్పుడు తాజాగా కలపండి. ట్యాంకు మీద ఎగ్జాస్ట్ తప్పనిసరి, ఆ ఆవిరి పీల్చేది పనివాళ్లే. లీటరుకి 0.2 గ్రాముల పొటాషియం అయోడైడ్ కూడా వేసి చూడండి. అయోడైడ్ ముందు స్టీలుకి అంటుకుని, యాసిడ్‌లో ధనావేశం పొందిన హెక్జామిన్‌ని పట్టి ఉంచుతుంది.

జవాబు 3: చవక అని ఎవరైనా థయోయూరియా (ఇదీ ఇలాంటి మందే) సలహా ఇస్తే, స్ప్రింగులకీ హై టెన్సైల్ (అధిక బలం గల) బోల్టులకీ మాత్రం వద్దు. బరువు నష్టం తగ్గినా లోహంలోకి హైడ్రోజన్ చొరబడడం పెరుగుతుంది, బిగించాక పగుళ్లు వస్తాయి. బరువు టెస్టులో అది కనబడదు. ముక్కని వంచి చూడాల్సిందే.