సమస్య: "కూడు మఱచువాడు కూరదొంగ"

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పూరించండి. ఈసారి పద్యం ప్రాచీన గ్రీకు మాట 'ఒప్సోఫగియా' చుట్టూ తిరగాలి. వాళ్ళకి సీతోస్ అంటే రొట్టె లాంటి కూడు, దాంట్లోకి నంజుకునేది ఒప్సోన్, మన కూర అన్నమాట, కూడు పక్కనపెట్టి కూర మీద పడే యావకి వచ్చిన పేరే ఇది. రానురాను ఒప్సోన్ అంటే చేపే అయిపోయింది, ఇప్పటి గ్రీకులో చేపని 'ప్సారి' అనడం కూడా ఆ మాట నుంచే.

పూరణ 1

రొట్టె ముట్టకుండ రుచిగ కూరలె దిను
కుఱ్ఱవాని జూచి గురువు పలికె
"ఏది చేయువాని కీపేరు వచ్చెనో?
కూడు మఱచువాడు కూరదొంగ!"

ఈ గురువు సోక్రటీసండి, ఆయన శిష్యుడు జెనొఫోన్ రాసిన కథ. విందులో ఓ కుర్రాడు ఉత్త కూరే లాగించేస్తుంటే, ఏం చేసేవాణ్ణి ఒప్సోఫగోస్ (కూరదొంగ) అంటారయ్యా అని పక్కవాళ్ళని అడిగాడు, కుర్రాడు గబుక్కున రొట్టె ముక్క అందుకున్నాడు, అయినా సోక్రటీసు వదల్లేదు, వీడు రొట్టెని కూరలా తింటాడో కూరని రొట్టెలా తింటాడో కనిపెట్టి ఉండండి అన్నాడు. చిన్నప్పుడు వేపుడు గిన్నె నా ముందు నుంచి జరిపేస్తూ మా అమ్మ అన్న మాటలే!

వ్యాఖ్య: చాలా బావుందండీ, ప్రశ్న మూడో పాదంలో, జవాబు సమస్యలో, అతుకు కనపడలేదు. మూడో పాదంలో ఏ–ఈ స్వరయతి (అచ్చుల మధ్య యతి) హాయిగా పడింది. 'రుచిగ' ద్రుతాంతం (చివర 'న్' ఉండే మాట) కదా, తర్వాతి 'కూ' 'గూ' అవుతుంది, 'రుచిగ గూరలె' అనండి.

పూరణ 2

చేప రుచిని మరిగి జిహ్వచాపల్యాన
కొంగ మెడను వేడె గొంతు కొఱకు
గ్రీకు తిండిపోతు, గిన్నె నాకెను గాదె
కూడు మఱచువాడు కూరదొంగ

వ్యాఖ్య: కొంగ మెడ కోరినవాడి సంగతి అరిస్టాటిల్ నీతిశాస్త్రంలోది, మంచి పట్టు పట్టారు. కానీ సమాసం 'జిహ్వాచాపల్యం' అవ్వాలి, అప్పుడు గణం చెడుతుంది. ఇంకో పెద్ద చిక్కు, అరిస్టాటిల్ ఆ మాట చెప్పిందే వాడి ఆనందం రుచిలో లేదు, ముద్ద గొంతులో జారే స్పర్శలో ఉంది అని చూపించడానికి. మీ మొదటి పాదం దానికి ఎదురు తిరిగింది.

జవాబు: నిజమేనండీ, రుచి అనుకునే రాసేశాను. ఇలా మార్చాను:

చేప జారు సుఖము చిరము నిలువ గోరి

వ్యాఖ్య: ఆ, ఇప్పుడు కొంగ మెడకి పనిపడింది! మిగతా మూడు పాదాలూ అలాగే ఉంచండి.