బెట్టలో వేరు శిలీంధ్రం పైరుకు నిజంగా నీరు అందిస్తుందా?

ప్రశ్న
వేళ్లతో జతకట్టి బతికే మైకోరైజా శిలీంధ్రం పట్టిన పైరు బెట్టను బాగా తట్టుకుంటుందని అంటారు. ఆ శిలీంధ్రం వేరుకు అందని నీటిని తెచ్చి ఇస్తుందా, లేక మొక్క నడతనే మారుస్తుందా? పైరు వాడడం మొదలయ్యాక దీన్ని వేసినా ఫలితం ఉంటుందా? వర్షాధారపు మొక్కజొన్న, కంది దృష్టిలో ఉంచుకొని అడుగుతున్నాను.

మొదటి జవాబు
రెండూ జరుగుతాయి గానీ, నా దృష్టిలో పెద్ద మేలు నీటిలో కన్నా భాస్వరంలో ఉంది. భాస్వరం మట్టి రేణువుల చుట్టూ ఉండే నీటి పొరల గుండానే కదులుతుంది. నేల ఆరేకొద్దీ ఆ పొరలు పలచబడి తెగిపోవడంతో, వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న నిల్వ అయిపోయాక మొక్కకు కొత్తగా అందేది చాలా తక్కువ. 2 నుంచి 10 మైక్రోమీటర్ల మందం మాత్రమే ఉండే శిలీంధ్రపు పోగులు ఆ ఖాళీ మేరను దాటి సెంటీమీటర్ల దూరం పాకి, వేరు చొరబడలేని సన్నని రంధ్రాలలోకి కూడా వెళ్లి, భాస్వరాన్ని మోసుకొస్తాయి. బెట్టలో పైరుకు దాహంతో పాటు ఈ ఆకలి కూడా ఉంటుందని మనం తరచూ మరచిపోతాం.

రెండో జవాబు
పై మాటతో ఏకీభవిస్తూనే, నీటి పాత్రను తక్కువ చేయకూడదని నా అభిప్రాయం. ఐసోటోపులతో (జాడ పట్టడానికి వీలైన ప్రత్యేక పరమాణువులతో) గుర్తుపెట్టిన నీరు పోగుల వెంట మొక్కకు చేరడం ప్రయోగాలలో కనిపించింది. అంతేకాక, నేల ఎండినప్పుడు వేరు కుంచించుకుపోయి మట్టికీ వేరుకూ మధ్య ఏర్పడే సందును ఈ పోగులు కలుపుతాయి. వేరు కణాలలో నీటిని రానిచ్చే ఆక్వాపోరిన్ ప్రోటీన్ల పనితీరూ, పత్రరంధ్రాలను నియంత్రించే ఆబ్సిసిక్ ఆమ్లం స్థాయీ కూడా మారతాయి.

మూడో జవాబు
వాడిన పైరుకు వేస్తే ప్రయోజనం ఆశించలేం. ఈ శిలీంధ్రం బతికున్న వేరు మీదే పెరుగుతుంది, వేరంతా పరచుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అందువల్ల విత్తేటప్పుడే విత్తనానికి దగ్గరగా పడాలి. మొక్క తాను తయారుచేసుకున్న కర్బనంలో సుమారు 4 నుంచి 20 శాతం దీనికి ఇస్తుంది కనుక, భాస్వరం ఎరువు ఎక్కువగా వేసిన నేలలో మొక్కే దీన్ని దూరం పెడుతుంది. ఆవ, క్యాబేజీ, బీట్‌రూట్ వంటి పంటలతో ఇది దాదాపుగా జతకట్టదు. వాటి తరువాత గానీ, చాలాకాలం బీడుగా ఉంచిన తరువాత గానీ నేలలో దీని సంఖ్య తగ్గుతుంది. పదేపదే దున్నడం పోగుల వలను తెంపుతుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. విత్తన శుద్ధికి వాడే శిలీంధ్రనాశని దీన్ని చంపదా?

మూడో జవాబు ఇచ్చినవారు
అది మందును బట్టి ఉంటుంది. మొక్క లోపలికి ఇంకి పనిచేసే కొన్ని అంతర్వాహిక మందులు దీని పెరుగుదలను తగ్గిస్తాయి, కొన్నింటి ప్రభావం స్వల్పం. మైకోరైజాను కొనేముందు గత పైరు సన్నవేళ్లకు రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పరీక్షించమని ప్రయోగశాలను అడగండి. వేళ్లలో శిలీంధ్రం ఇప్పటికే దండిగా ఉంటే బయటి నుంచి తెచ్చి వేయడంకన్నా దున్నకాలు తగ్గించడం, పంటల మధ్య నేలను ఖాళీగా వదలకపోవడం మేలు.