కుట్టు గ్రూపులో అడగకపోయినా తప్పులు చెప్పొచ్చా?

సూదీదారం (అనంతపురం)

ప్రశ్న సూటిగా అడుగుతున్నాను. ఇష్టంతో కుట్టి తెచ్చిన పనిలో లోపం కనబడితే, వాళ్లు అడగకపోయినా మనం చెప్పాలా? నా మటుకు చెప్పకూడదు. అడిగితేనే చెప్పాలి. మన గ్రూపుకి ఇదొక రూలుగా పెట్టుకుందామని నా ప్రతిపాదన.

పోయిన ఆదివారం రాని వాళ్ల కోసం సంగతి చెప్తాను. కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. వాళ్లమ్మ రోజూ కట్టి వదిలేసిన పాలిస్టర్ చీరలు ముక్కలు చేసి, కాళ్లతో తొక్కే పాత మిషన్ మీద బొంత కుట్టి తెచ్చింది. పసుపు, నీలం, మెరూన్ ముక్కలు ఏటవాలుగా పేర్చిన తీరు నాకైతే చాలా నచ్చింది. చాప మీద పరవగానే మనలో ఒకరు తిరగేసి వెనక వైపు చూశారు. కింద దారం ఉండలు కట్టి ఉంది. "పాలిస్టర్‌తో బొంతేందమ్మా, ముందు మంచి కాటన్ కొనుక్కో, ఆ మిషన్ కూడా మార్చు" అన్నారు. ఇంకొకరు వాళ్లింట్లో కంప్యూటర్ మిషన్ ఎన్ని రకాల కుట్లు వేస్తుందో చెప్పడం మొదలుపెట్టారు. ఆ పిల్ల నవ్వుతూనే బొంత మడిచి సంచిలో పెట్టుకుంది. టీ తాగకుండానే వెళ్లిపోయింది. ఈ వారం వస్తావా అని ఫోన్ చేస్తే "పనుందక్కా" అంది.

మనది పోటీ కాదు, పరీక్ష కాదు. వారమంతా ఇంటి చాకిరీ, ఆఫీసు చాకిరీ చేసి ఆ కాసేపు మనసు కుదుటపడుతుందని వస్తాం. అక్కడ కూడా ఒకరి ముందు చిన్నబోవాలంటే ఎవరొస్తారు?

కుట్టు టీచర్ (రిటైర్డ్)

తిరగేసి చూసింది నేనే. మీరు పేరు రాయలేదు, అయినా జవాబు నేనే చెప్పాలి.

వెనక వైపు చూడకుండా కుట్టు గురించి ఏం తెలుస్తుంది? బడిలో క్రాఫ్ట్ టీచరుగా ఉన్నన్నాళ్లూ పిల్లలకు ముందు నేర్పింది అదే. కింద దారం ఉండలు కట్టిందంటే చాలామంది బాబిన్‌ను (కింద దారం చుట్టి ఉండే చిన్న చక్రాన్ని) తిట్టుకుంటారు, దాని కేసు స్క్రూ తిప్పి తిప్పి ఇంకా పాడుచేస్తారు. చాలాసార్లు లోపం పైదారంలో ఉంటుంది. ప్రెస్సర్ ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే పాదం) దించి దారం ఎక్కిస్తే, పైదారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ రేకులు బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగదు. ఫుట్ పైకెత్తి ఎక్కిస్తే దిగి కూర్చుంటుంది. ఈ ఒక్క మాట తెలిస్తే ఆ పిల్ల కుట్టు మారిపోతుంది. కానీ తెలియని వాళ్లకు ఏం అడగాలో కూడా తెలియదు కదమ్మా. అడిగితేనే చెప్పాలి అనే రూలు పెడితే నష్టపోయేది నేర్చుకునేవాళ్లే.

బట్ట సంగతి కూడా ఊరికే అనలేదు. పైన పాలిస్టర్, కింద పొర కొత్త కోరా గుడ్డ, అంటే చలవ చేయని కాటన్. తడపకుండా కుట్టింది. మొదటి ఉతుకుకే కాటన్ దగ్గరకు లాగుతుంది, పాలిస్టర్ లాగదు. బొంతంతా ముడతలు పడుతుంది. అప్పుడు బాధపడదా? అందరం "బాగుంది, బాగుంది" అని పంపించేస్తే అది మర్యాదా?

రాయదుర్గం మిషన్

టీచరమ్మా, మీ మీద గౌరవంతోనే అంటున్నా. ఫుట్ ఎత్తి దారం ఎక్కించాలని మీరు ఇక్కడ రాశారు. కోరా గుడ్డ తడిపి ఆరేసుకోవాలని ఇక్కడ రాశారు. అక్కడ చెప్పింది ఇవి కాదు. కాటన్ కొనుక్కో, మిషన్ మార్చు అన్నారు. మీరు ఇప్పుడు చెప్పిన దాన్నిబట్టే ఆ మిషన్‌కు ఏ జబ్బూ లేకపోవచ్చు కదా! రూపాయి ఖర్చు లేకుండా తీరే లోపానికి వేలు ఖర్చయ్యే మందు చెప్పారు. పిల్ల మనసు విరిగింది అక్కడ.

నేను జీన్స్ యూనిట్‌లో కుడతాను. పీసుకింత అని లెక్క. లోపం ఉంటే సూపర్‌వైజర్ పీసు వెనక్కి విసిరేస్తాడు, విప్పి మళ్లీ కుట్టాలి. అది పని, పడతాం. ఇంటికొచ్చాక మిగిలిన జీన్స్ ముక్కలతో నా కూతురికి, చెల్లెలి పిల్లలకు బొంతలు కుడతాను. ఆ టైములో నాకు పైన ఎవరూ ఉండరు. ఆ సుఖం కోసమే కుడతాను. మన గ్రూపులో ఒకామె నా పని చూసి "ఓ, మీరు టైలరా" అని అదో రకంగా అంది. రోజూ డబ్బు కోసం మిషన్ తొక్కేదానికి హాబీ ఉండకూడదా?

కదిరి మల్లె

నాది వేరే అభిప్రాయం. చెప్పే పద్ధతి తప్పయ్యుండొచ్చు, కానీ ప్రమాణం అనేది ఒకటి ఉండాలి. నన్నడిగితే మిషన్ మీద కుట్టింది అసలు బొంతే కాదు. మా జేజి చేత్తో కుట్టేది. సన్నటి పరుగు కుట్టు, ఒక వరుస పక్కనే ఇంకో వరుస, ఎక్కడా దారం వదులు ఉండేది కాదు. బెంగాల్ కాంతా చూడండి, పాత చీరలు, పంచెలు పొరలుగా పేర్చి పరుగు కుట్టుతోనే మొత్తం నింపుతారు. పక్కన కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి అయిన సిద్దీ ఆడవాళ్లు కవంది అనే బొంతలు కుడతారు. ఒక మూల మొదలుపెట్టి అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. మూలల్లో మడిచిన చిన్న ముక్కలు పెట్టందే బొంత పూర్తయినట్టు లెక్క కాదు వాళ్లకు. అంత ఓపిక ఉన్న పనిని, గంటలో మిషన్ మీద లాగేసిన దాన్ని ఒకటే అంటే చేత్తో కుట్టేవాళ్లకు అన్యాయం.

గుంతకల్లు రిటైర్డ్

అమ్మా కదిరి మల్లె, చేతికుట్టు గొప్పదనం ఎవరూ కాదనరు. దాన్ని పొగడడానికి మిషన్ కుట్టును కిందికి నెట్టాల్సిన పని లేదు. యంత్రాలంటే అన్ని అనుమానాలున్న గాంధీగారే 1924లో సింగర్ కుట్టు మిషన్‌ను మినహాయించారు. మనిషి కనిపెట్టిన కొద్దిపాటి పనికొచ్చే వస్తువుల్లో అదొకటి అన్నారు. ఆయన ఒప్పుకున్నదాన్ని మనం వెలివేయడమెందుకు? పైగా కీళ్లనొప్పులు ఉన్నవాళ్లు మందపాటి మూడు పొరల్లో చేత్తో సూది ఎంతసేపు దించగలరు?

రైల్వేలో రిటైరయ్యాక నేను కుట్టు మొదలుపెట్టాను. మొదట్లో బజారులో దారాలు కొనబోతే "అమ్మగారికా" అని అడిగేవాళ్లు. నాకేనని చెబితే నవ్వేవాళ్లు. మన గ్రూపులో మాత్రం ఎవరూ నవ్వలేదు. అందుకే ఆ అమ్మాయి విషయం చదివి మనసు చివుక్కుమంది.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాలతో ఇంట్లో చలికి బొంతలు కుట్టుకున్నారు. చాలావాటిలో గీతలు వంకర, ముక్కలు హెచ్చుతగ్గులు. 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో వాటిని గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. మంచి గుడ్డ కొనుక్కున్నాకే కుట్టాలి అని వాళ్లనుకుని ఉంటే ఒక్కటీ ఉండేది కాదు.

కుట్టు టీచర్ (రిటైర్డ్)

గీస్ బెండ్ ఉదాహరణ మంచిదే సార్, కానీ అది నా వైపే మాట్లాడుతుంది. ఆ ఆడవాళ్లు తల్లుల దగ్గర, అమ్మమ్మల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్లు ఉన్నారు. గీత వంకరగా వేసుకోవడం ఇష్టం. కుట్టు ఊడిపోవడం ఎవరి ఇష్టమూ కాదు. ఈ రెండూ కలిపేయకండి.

ధర్మవరం ఆడపడుచు

కాటన్ మేలు, పాలిస్టర్ తక్కువ అని తేల్చేయడం దగ్గరే నాకు అభ్యంతరం. మా ఊరు మగ్గాల ఊరు. ఇక్కడ పట్టు ముక్కకున్న గౌరవం ఇంక దేనికీ లేదు. పట్టు ముక్కల బొంత చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ పాత జరీ చీర మడతల దగ్గర చిట్లుతుంది. వెనక పలచటి కాటన్ అస్తరు వేసి కుడితే తప్ప నిలవదు. పాలిస్టర్ ముక్క మాత్రం పది కాలాలపాటు ఉంటుంది, రంగు పోదు. ఏ గుడ్డ గుణం దానిది.

ఇంకొకటి. పాత నేత చీరలతో బొంత కుడితే అవి ఎన్నో ఉతుకులు చూసి ఉంటాయి కాబట్టి కొత్తగా లాగేదీ లేదు, రంగు దిగేదీ లేదు. మన జేజిలు పాత చీరలు వాడింది లేమి వల్లనే అనుకుంటాం, పని తెలిసి కూడా వాడారు. క్విల్టింగ్ (బొంత కుట్టు) కోసమని ప్రత్యేకంగా అమ్మే కాటన్ మీటరు ధర చూస్తే మనలో ఎంతమంది కొనగలరు? గ్రూపులో ఆ గుడ్డల పేర్లు, ఆ కట్టర్ల పేర్లు, ఆ మ్యాట్ల పేర్లు గడగడా చెప్పుకుంటుంటే పక్కన కత్తెర, సుద్దముక్క పట్టుకుని కూర్చున్న మనిషికి నోరు లేవదు. కావాలని ఎవరూ చేయరు, నాకు తెలుసు. అయినా నొప్పి నొప్పే.

పామిడి వదిన

ఇంతమంది రాశారు, ఆ బొంత ఎవరి కోసం కుట్టిందో ఎవరికైనా తెలుసా?

సూదీదారం (అనంతపురం)

తెలుసు వదినా. వాళ్లక్కకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకని చెప్పింది.

కుట్టు టీచర్ (రిటైర్డ్)

చూశారా. మన అనంతపురం ఎండల్లో చంటిబిడ్డకు పాలిస్టర్ కప్పుతారా? చెమట పీల్చదు, గాలి ఆడదు. ఒళ్లంతా చెమటకాయలు పేలతాయి. ఇప్పుడు కూడా అడిగితేనే చెప్పాలంటారా?

పామిడి వదిన

ఇది చెప్పి తీరాలి టీచర్ గారూ. ఒప్పుకుంటున్నాను, సూదీదారం అక్క రూలు ఇక్కడ నిలవదు. కానీ ఆరోజు మీకు బిడ్డ సంగతి తెలియదు కదా. తెలియకుండానే పాలిస్టర్ వద్దన్నారు. బిడ్డ కోసమని తెలిసి "అమ్మా, పైవైపు ఇలాగే ఉండనీ, బిడ్డ ఒంటికి తగిలే వైపు మెత్తటి పాత కాటన్ చీర వెయ్యి, ఎండాకాలం కప్పొద్దు, కిందే పరుచు" అని ఉంటే ఆ పిల్ల ఎగిరి గంతేసి విప్పి మళ్లీ కుట్టేది. నేను నైటీలు కుట్టించి అమ్ముతాను. కటింగులో మిగిలిన ముక్కలు బస్తాలకొద్దీ ఉంటాయి. అందులోంచి బొంతలకు ముక్కలు ఏరుకోవడానికి వచ్చిన వాళ్లను ముందు అడిగేది "ఎవరికి?" అనే. ముసలివాళ్లకైతే తేలిక గుడ్డ, ఆటో సీటు మీదికైతే గట్టి గుడ్డ, గోడకు వేలాడదీసే వాటికైతే ఏదైనా సరే. ఎవరికో తెలియకుండా ఏది లోపమో ఎలా చెప్తాం?

ఇంకో మాట. పరిచిన బొంతను తిరగేసేముందు "చూడొచ్చా" అని అడగాలి. వెనక వైపు అందరి ముందూ చూడడం వేరు, ఆమెతో కలిసి పక్కకు కూర్చుని చూడడం వేరు. కొత్త కోడలు వండిన పప్పులో ఉప్పు తక్కువైతే బంతిలో అరిచి చెప్తామా?

రాప్తాడు నుంచి

నేను గ్రూపులో చేరి చాలాకాలమైంది, ఇంతవరకు రాలేదు. దగ్గరే, బస్సులో కాసేపట్లో రావచ్చు. నా దగ్గర మిషన్ లేదు, చేతికుట్టు కూడా సన్నగా రాదు. గ్రూపులో పెట్టే ఫోటోలు చూసి, నాది తీసుకొస్తే ఏమంటారో అని టెన్షన్. ఈ చర్చ చదివాక కూడా భయం పూర్తిగా పోలేదు. కానీ పామిడి వదిన ఉన్న రోజు వస్తాను.

కదిరి మల్లె

రాప్తాడు చెల్లీ, సన్నగా రాకపోతే ఏం, రా. నా పక్కన కూర్చో. ప్రమాణం ఉండాలన్నాను, ఇప్పటికీ అదే అంటాను. అది నా కుట్టుకు నేను పెట్టుకునేది. మొదటి బొంత తెచ్చినవాళ్ల మీద పెట్టమని నా ఉద్దేశం కాదు.

కుట్టు టీచర్ (రిటైర్డ్)

రూలుకు మాత్రం నేను ఒప్పుకోను. రేపు కరెంటు మిషన్ వైరు తెగి కనబడినా అడిగేదాకా చూస్తూ ఊరుకోవాలా? "చూడొచ్చా" అని అడగడానికి నాకు అభ్యంతరం లేదు. బిడ్డ సంగతి ఎవరో ఒకరు ఆ అమ్మాయికి త్వరగా చెప్పండి. తను సరేనంటే ఆ పాత మిషన్ నేనే వెళ్లి చూస్తాను. షటిల్ దగ్గర, అంటే బాబిన్ కూర్చునే చోట, దారపు పీచు పేరుకుని ఉంటుంది, శుభ్రం చేసి నూనె వేస్తే సగం బాధలు పోతాయి.

రాయదుర్గం మిషన్

వెళ్లండి టీచరమ్మా. కాకపోతే వెళ్లే ముందు ఫోన్ చేసి, తను రమ్మంటేనే వెళ్లండి. కొత్త సూది కూడా పట్టుకెళ్లండి. పాలిస్టర్ మీద మొద్దుబారిన సూది కుట్లు దాటేస్తుంది, పోగులు లాగుతుంది. 14 నంబరు సరిపోతుంది. జీన్స్‌కు వాడే 16, 18 వద్దు, పెద్ద చిల్లులు పడతాయి.

సూదీదారం (అనంతపురం)

ఇప్పుడే తనతో మాట్లాడాను. టీచర్ గారు వస్తామంటున్నారని చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "వాళ్లను రమ్మనొద్దక్కా, ముందు నువ్వొక్కదానివే రా" అంది. గురువారం వెళ్తున్నాను. ధర్మవరం అక్కా, మెత్తబడిన పాత కాటన్ చీర ఒకటి ఉంటే బస్సులో పంపించు. టీచర్ గారూ, ఫుట్ ఎత్తి దారం ఎక్కించేది నాకు ఒకసారి వీడియో కాల్‌లో చూపించండి, నేను తనకు చూపిస్తాను. రూలు మీద వచ్చే ఆదివారం అందరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడదాం. చంటిపిల్లల బట్టలు, కరెంటు లాంటి వాటికి మినహాయింపు ఉండాలని ఒప్పుకుంటాను. మిగతా వాటికి అడిగితేనే అన్నది నా మాట, దాని మీదే ఉన్నాను.