ఇంట్లో ఉన్న చీరల స్టాక్‌కి ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి?

చీరల సుబ్బులు: మాది విజయవాడ సింగ్‌నగర్, మంగళగిరి చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతాను. స్టాక్ 6 లక్షల దాకా కింది పోర్షన్‌లోనే ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు బీరువా కింది అరల్లో చీరలు రంగు దిగి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇంటి పాలసీ ఉందిగా అనుకుంటే, వ్యాపారం సరుకు అందులోకి రాదన్నారు. మళ్లీ వానాకాలం అంటేనే టెన్షన్. ఏది తీసుకోమంటారు?

బెజవాడ బాబాయ్: 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అడగమ్మా. 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాలకి ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2021లో తెచ్చింది, అగ్నిప్రమాదం, తుఫాను, వరద అన్నీ అందులోనే. మామూలు దొంగతనానికి మాత్రం బర్గ్‌లరీ పాలసీ విడిగా కట్టాలి. ఇంకోటి, ప్రీమియం తగ్గుతుందని 6 లక్షల సరుకుని 3 లక్షలే అని రాయించకు, సగానికే ఇన్సూర్ చేసినట్టు లెక్క కాబట్టి 2 లక్షలు నష్టం వస్తే అందులో సగం, లక్షే చేతికొస్తుంది. దసరాకి స్టాక్ పెరిగితే ముందే చెప్పి పెంచుకో.

పార్సిల్ కష్టాలు: మరి కొరియర్‌లో పోతే? నావి రెండు పట్టుచీరలు దారిలోనే మాయం, వాళ్లు రసీదు వెనక చిన్నక్షరాలు చూపించి ఏదో నామమాత్రంగా ఇచ్చారు.

బెజవాడ బాబాయ్: దానికి ట్రాన్సిట్ పాలసీ వేరే. పార్సిళ్లు తక్కువైతే ఖరీదైనవాటికి మాత్రం కొరియర్ దగ్గరే ఇన్సూర్ చేయించు.

చీరల సుబ్బులు: థాంక్యూ బాబాయ్ గారూ. కొనుగోలు బిల్లులు సగం వాట్సాప్‌లోనే ఉన్నాయి, ముందు అవి సర్దుకుంటా.