మోటర్‌హోమ్ వెనుక ఆటోమేటిక్ కారును లాక్కెళ్లవచ్చా?

ప్రశ్న: మోటర్‌హోమ్ (ఇంటి వసతులున్న పెద్ద బండి) వెనుక మా కారును, నాలుగు చక్రాలూ నేల మీదే తిరిగేలా, టో బార్‌తో తగిలించి తీసుకువెళ్లాలనుకుంటున్నాము. అది ఆటోమేటిక్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. గేరు న్యూట్రల్‌లో ఉంచితే చాలని కొందరు, అసలు కుదరదని కొందరు అంటున్నారు. సామగ్రి కొనే ముందు ఏమి చూసుకోవాలో అనుభవజ్ఞులు తెలుపగలరు.

సమాధానం 1: న్యూట్రల్ ఒక్కటే చాలదండి. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సులలో ఆయిల్ పంపు ఇంజిన్ నడిస్తేనే పనిచేస్తుంది. ఇంజిన్ ఆపిన కారును లాగితే చక్రాలతోపాటు లోపలి భాగాలు తిరుగుతూనే ఉంటాయి గాని వాటికి ఆయిల్ అందదు కనుక, వేడెక్కి పాడైపోతాయి. మీ కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో ఇలా లాగడానికి అనుమతి ఉందో లేదో మొదట చూడండి, అదీ మీ మోడల్ సంవత్సరానిదే. అమెరికాలో అమ్మిన 2014 హోండా సీఆర్‌-వీకి ఆ అనుమతి ఉండేది; 2015లో సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ రావడంతో పోయింది. అనుమతి లేకపోతే ముందు చక్రాలను డాలీ (రెండు చక్రాల చిన్న ట్రైలర్) మీదకు ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ తీసి లాగడం మీ కారుకు అనువైన దారి.

సమాధానం 2: గేర్‌బాక్స్ సంగతి తేలాక బరువు లెక్క చూడండి. బండికీ దాని వెనుక లాగేదానికీ కలిపి తయారీదారు అనుమతించిన మొత్తం బరువులోంచి, నీళ్లు, ఇంధనం, సామాను, మనుషులతో సహా వేబ్రిడ్జి మీద తూచిన మోటర్‌హోమ్ బరువును తీసివేయండి. ఆ మిగులు, హిచ్ (బండి వెనుక టో బార్ తగిలించే భాగం) సామర్థ్యం, టో బార్ సామర్థ్యం, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు. కారుకు విడిగా బ్రేక్ వ్యవస్థ పెట్టించడం ఐచ్ఛికమని నేను అనుకోను. తగులు ఊడిపోతే కారు బ్రేకులను దానంతట అదే పట్టించే బ్రేక్‌అవే స్విచ్ కూడా ఉండాలి. సేఫ్టీ చైన్లను బార్ కింద ఒకదానిపై ఒకటి అడ్డంగా వేయండి.

సమాధానం 3: టో బార్‌తో వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: తగిలించి ఉండగా రివర్స్ చేయకూడదు. కారు ముందు చక్రాలు ఒక పక్కకు పూర్తిగా తిరిగిపోయి, బార్ వంగిపోవచ్చు. ఇరుకున చిక్కుకుంటే, విసుగనిపించినా, కారును విప్పడమే మార్గం.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. మా మాన్యువల్ నాలుగు చక్రాల మీద లాగవద్దనే చెబుతోంది కాబట్టి డాలీ తీసుకుంటాము.

సమాధానం 2: అయితే లెక్కలో డాలీ బరువును కూడా కలుపుకోండి. కొనేటప్పుడు సొంత బ్రేకులున్నదాన్నే ఎంచుకోండి.