సమస్యాపూరణం: "తండ్రి నెత్తుకొనియెఁ దనయుఁ డపుడు"

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఇది. ఆటవెలదికి చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి:

తండ్రి నెత్తుకొనియెఁ దనయుఁ డపుడు

కొడుక్కి నాలుగైదేళ్లు మించకూడదు. వాణ్ణి పెద్దచేసి ముసలి తండ్రిని మోయిస్తే ఇక సమస్య ఎక్కడుంది? కాలం శరత్తు, రోజులు శని ఆదివారాలు, ఇంట్లోనైనా సరే, ఆరుబయటైనా సరే. "కలలో" అని తప్పించుకునే పూరణలను చదవకుండానే పక్కన పెడతాను.

గణపెద్ద:
ఆ "అపుడు" వ్యర్థపదం కాదా? పాదం నిండక తోసినట్టుంది.

నిర్వాహకులు:
ఎప్పుడో చెప్పే పని మీకే వదిలాను గణపెద్ద గారూ.

తేటనీరు:

తూఁగుబల్ల మీఁద దూరాన సుతుఁ డుండ
నిరుసు చెంత నయ్య యిఱుకుకొనఁగ
బరువు కాదు దూరబలమె గెల్చెను గదా
తండ్రి నెత్తుకొనియెఁ దనయుఁ డపుడు

గోరింక:
ఆహా! "దూరబలము" అన్న ఒక్క మాటతో చిక్కుముడి విప్పేశారు. లెక్క కూడా సరిపోతుంది. నాలుగు మీటర్ల బల్ల, ఇరుసు నడిమధ్య. 15 కిలోల పిల్లవాడు చివర 2 మీటర్ల దగ్గర, 60 కిలోల తండ్రి ఇరుసుకి అర మీటరు దూరంలో. 15ని 2తో హెచ్చించినా 30, 60ని అరతో హెచ్చించినా 30. బల్ల అక్కడ సమంగా నిలుస్తుంది. తండ్రి ఇంకో ఐదు సెంటీమీటర్లు లోపలికి జరిగాడా, లేస్తాడు.

గణపెద్ద:
లెక్క సరే, జనాభా ఎక్కువైంది. మొదటి పాదంలో సుతుఁడు, నాలుగో పాదంలో తనయుఁడు. ఇద్దరు కొడుకులా? "అయ్య" ఒకరు, "తండ్రి" ఇంకొకరా? ఆ బల్ల మీద నలుగురు కూర్చుంటే గోరింక గారి 30 ఏమవుతుంది?

ఇంకో మాట. "ఇఱుకు"లో ఱ ఒద్దికగా పడింది, సంతోషం. ఆ మధ్య కందంలో ఱకీ రకీ ప్రాస కుదరదని చూడకుండా "కఱకు"కీ "తరువు"కీ ప్రాస కలిపిన చేయి ఇదేనా అని ఆశ్చర్యం.

తేటనీరు:
కందం సంగతి కందంలో చూసుకుందాం. పునరుక్తి మాత్రం నిజమే. "దూరానఁ దానుండ" అని మారుస్తున్నాను. గణం చెడదు, యతి కదలదు, ఒక కొడుకు తగ్గాడు.

అరసున్న:
"అయ్య"ను మాత్రం తీయకండి, ఇరుసు చెంత కూర్చున్నది ఎవరో తెలియకుండా పోతుంది. "ఇఱుకుకొనఁగ" కూడా ఊరికే పడిన మాట కాదు. తండ్రి వెనక్కి వాలితే ఒంటి బరువు ఇరుసుకి దూరమై బల్ల అతనివైపే దిగుతుంది. ముందుకు వంగి, ఒదిగి, కాళ్లు నేలకు ఆనకుండా కూర్చోవాలి. పద్యం చెప్పనిది దిగే పద్ధతి. తండ్రి చటుక్కున లేస్తే రెండో కొస పిల్లవాడితో సహా నేలకు కొట్టుకుంటుంది. పిల్లవాడి కాళ్లు నేలను తాకాక, వాణ్ణి ముందు దింపి, ఆ తర్వాతే తండ్రి లేవాలి.

గణపెద్ద:
బల్లలూ ఇరుసులూ లేకుండా:

కెమెర ముందు బాబు, గిరి చెంత జనకుండు
చాఁచినట్టి చేయి సరిగ నిలుప
దవ్వు మాసిపోయి దరి యయ్యెఁ జిత్రాన
తండ్రి నెత్తుకొనియెఁ దనయుఁ డపుడు

తేటనీరు:
"కెమెర"! దీర్ఘం ఏమైంది స్వామీ? కొండకి వెళ్లేటప్పుడు దారిలో జారిపోయిందా? పరుల ఱకారాలు లెక్కపెట్టేవారు సొంత ఆకారాన్ని చూసుకోవద్దా?

గణపెద్ద:
సీతా, లతా, మాలా తెలుగులోకి వచ్చి సీత, లత, మాల కాలేదా? కెమెరా ఒక్కటే పెద్దింటి కోడలా, దీర్ఘం తీయకూడదనడానికి?

తేటనీరు:
అవి సంస్కృతం నుంచి వచ్చాయి, వాటికో నియమం ఉంది. ఇది ఏ నియమంతో వచ్చింది? "కెమెరా" అని ఉంచితే సగణమై (లఘువు, లఘువు, గురువు) సూర్యగణం (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు) దక్కదని కోసేశారు, అంతే. పోనీండి. "సరిగ" మాట చెప్పండి. సరిగ అంటే ఎంత? ఆ మూడు లఘువులు పాదం నింపడానికే వచ్చాయని నా అనుమానం.

గోరింక:
లేదండీ, కీలకమంతా "సరిగ"లోనే ఉంది. పిల్లవాడి అరచేయి కెమెరాకి 1 మీటరు, తండ్రి 10 మీటర్లు. అప్పుడు 170 సెంటీమీటర్ల మనిషి అరచేతి దగ్గర 17 సెంటీమీటర్ల బొమ్మంత కనిపిస్తాడు. ఇంకా చిన్నగా కావాలంటే 17 మీటర్లకు వెళ్లాలి, 10 సెంటీమీటర్లవుతాడు.

చాలామంది తప్పేది కెమెరా ఎత్తు దగ్గర. పెద్దవాళ్లు నిలబడి తీస్తే తండ్రి పాదాలు అరచేతి మీద ఆనవు, గాలిలో తేలతాయి. నేల చదునుగా ఉండి అరచేయి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, కెమెరా 67 దగ్గర ఉండాలి. అంటే మోకాళ్ల మీద కూర్చుని తీయాలి. చేయి కాస్త కదిలినా తండ్రి పాదాలు అరచేతిలోంచి తప్పుకుంటాయి. "సరిగ నిలుప" అన్నది అందుకే.

అరసున్న:
ఫోన్‌తో తీస్తే పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయాలి. అది వెనకున్నవాణ్ణి మసకబార్చేస్తుంది, "దవ్వు మాసిపోయి" బదులు తండ్రి మాసిపోతాడు. సాయంత్రపు నీడలు కూడా గుట్టు రట్టు చేస్తాయి. తండ్రి నీడ పక్కకి నేల మీద పడితే చూసేవాడికి దూరం తెలిసిపోతుంది. సూర్యుడు కెమెరా వెనక ఉంటే నీడ తండ్రి వెనక్కి పోయి దాక్కుంటుంది.

తేటనీరు:
"సరిగ" గెలిచింది, ఒప్పుకుంటాను. "కెమెర" మీద నా అభ్యంతరం అలాగే ఉంది.

గోరింక:
ఇక నాది. ఇంట్లో జరిగేది:

ఎండుటాకు లేరి యింపుగా నతికించి
యట్టమీఁద నాన్న నమరఁ జేసి
యమ్మ చూడు మనుచు నా బొమ్మఁ జేకొని
తండ్రి నెత్తుకొనియెఁ దనయుఁ డపుడు

గణపెద్ద:
శరత్తులో ఆకు రాలడమా? ఆశ్వయుజ కార్తీకాలకి వెన్నెలా రెల్లుపూలూ ఇచ్చి, ఆకులు రాల్చే పని మాఘ ఫాల్గుణాల శిశిరానికి అప్పజెప్పారు మన పెద్దలు. నన్నయ కూడా శారదరాత్రుల్లో చుక్కల్నీ వెన్నెలనీ చూశాడు గానీ చీపురు పట్టుకుని ఆకులు ఊడ్చలేదు.

అరసున్న:
ఏ దేశపు శరత్తో నిర్వాహకులు చెప్పలేదు గదా. చలిదేశాల్లో సరిగ్గా ఈ నెలల్లోనే రాలుతాయి. పగలు పొట్టిబడేకొద్దీ తొడిమ మొదట్లో ఒక పొర ఏర్పడి ఆకుకి నీరు అందడం తగ్గుతుంది. పత్రహరితం విరిగిపోయి, అంతదాకా కింద దాగిన పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం దాగి ఉన్నది కాదు, చాలా చెట్లలో అప్పుడు కొత్తగా తయారవుతుంది. కాబట్టి రాలడం మీద నాకు పేచీ లేదు.

పేచీ "ఎండుటాకు" మీద. ఎండిపోయిన ఆకుని ఏరితే అట్ట మీద అదిమేసరికి పొడి అవుతుంది. అప్పుడే రాలి, వంచితే విరగకుండా వంగే ఆకుని ఏరాలి. మంచు తడి ఉంటే గుడ్డతో అద్ది, ఒకదాని మీద ఒకటి పడకుండా పాత వార్తాపత్రికల మధ్య పరచి, పైన బరువు పెట్టాలి. నున్నటి మెరుపు కాగితం తడి పీల్చదు, బూజు పడుతుంది. మొదటి రెండు మూడు రోజులూ కాగితం మార్చాలి. పూర్తిగా ఆరడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

అందుకని ఈ సవరణ:

పండుటాకు లేరి పరచి యారఁగఁ బెట్టి

తేటనీరు:
ఎండుటాకులో ఒక్క ప చేర్చి ఆకుని బతికించారు! తండ్రిని పండుటాకులతో చేయడంలో ఇంకో చురక కూడా ఉంది. గణపెద్ద గారికి అందిందో లేదో.

గణపెద్ద:
అందింది. వారం రెండు వారాలు ఆరబెడితే "వారాంతం" నియమం ఎగిరిపోయిందన్నదీ అందింది. శనివారం ఏరిన ఆకు ఆదివారం అట్ట ఎలా ఎక్కుతుంది?

అరసున్న:
ఇస్త్రీపెట్టెతో. ఆవిరి పూర్తిగా ఆపి, నడిమి వేడి మీద, ఆకుని రెండు కాగితాల మధ్య పెట్టి పది సెకన్లు అదమాలి. రుద్దకూడదు, రుద్దితే ఈనెలు చిరుగుతాయి. ఎత్తి, చల్లారనిచ్చి, తిప్పి మళ్ళీ అదమాలి. ఆకు చేతికి గలగలమనేదాకా ఇలా చేస్తే చాలు. ఈ పని పెద్దవాళ్లదే, పిల్లవాడి పని జిగురు దగ్గర మొదలవుతుంది. జిగురులో నీళ్లు కలిపితే ఆకు మళ్ళీ తడిసి చుట్టుకుంటుంది. చిక్కటి జిగురు పలచగా రాసి, అతికించాక పైన పుస్తకం పెట్టాలి.

కొత్తచిగురు:
అందరికీ నమస్కారం. మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి.

పొద్దు వాలు వేళ పొడవైన నీడల
నాడుకొనుచునుండ నంగణమందు
నీడ నీడఁ బట్టి నిలిపెను భుజముపై
తండ్రి నెత్తుకొనియెఁ దనయుఁ డపుడు

గణపెద్ద:
"అంగణమందు" దగ్గర కాలు జారింది. "నంగ" హగణం, బాగుంది. తర్వాత "ణమందు" జగణం, ఆటవెలదిలో దానికి చోటు లేదు. "అంగణమున" అంటే సరి. మిగతాది నిర్దుష్టం. "నీడ నీడఁ బట్టి" చక్కగా పలికింది. తేటనీరు గారి తొలి పూరణల్లో ఇంత శుభ్రత చూసిన గుర్తు లేదు.

గోరింక:
ఇది నిజంగా కుదురుతుంది కూడా. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ మనిషికి 1.73 రెట్లు. మీటరు పొడుగు పిల్లవాడి నీడ 173 సెంటీమీటర్లు. ఆ నీడ తల ఎక్కడ ముగుస్తుందో అక్కడ తండ్రి పాదాలు పెడితే, నేల మీద తండ్రి నీడ కొడుకు నీడ నెత్తిన నిలబడుతుంది. "భుజముపై" కావాలంటే తండ్రి కొడుకు వైపు కొంచెం జరగాలి. ఆలస్యం చేయకూడదు. పొద్దు 20 డిగ్రీలకు దిగేసరికి అదే నీడ 275 అవుతుంది, తండ్రి కొడుకు నడుము దగ్గరికి జారిపోతాడు.

కొత్తచిగురు:
"అంగణమున" అని సవరించుకున్నాను. ధన్యవాదాలు గణపెద్ద గారూ.

నిర్వాహకులు:
ఈ వారం నా ఓటు కొత్తచిగురుకి. తూఁగుబల్ల, ఫొటో, ఆకుబొమ్మ, మూడింటికీ సామాను కావాలి. దీనికి పొద్దు చాలు.

తేటనీరు:
నిర్వాహకుల తీర్పు శిరోధార్యం. కానీ గణపెద్ద గారు నా "ఇఱుకు"ని మెచ్చుకుని "ఇరుసు"ని వదిలేశారు. అందులో ఉన్నది సాధురేఫా (ర) శకటరేఫా (ఱ) చూడలేదేం?

గణపెద్ద:
నిఘంటువు తీసి చూశాను. సాధురేఫే. "కఱకు", "తరువు" కూడా అదే నిఘంటువులో ఉన్నాయి, పుట వేరు.