ఒకే ఊళ్లో రెండు పలకరింపులు: ‘గ్రూస్ గాట్’, ‘గూటెన్ టాగ్’

ప్రశ్న: జర్మనీలో మోడ్లారాయ్ట్ అనే ఊళ్లో వాగుకు ఒక గట్టున ‘గ్రూస్ గాట్’ (‘గాట్’ అంటే దేవుడు) అనీ, అవతలి గట్టున ‘గూటెన్ టాగ్’ (శుభదినం) అనీ పలకరించుకుంటారట. తూర్పు జర్మనీ కమ్యూనిస్టు పాలనలో దేవుడి పేరు వినపడకూడదన్నందువల్లే ఈ తేడా వచ్చిందా? ‘గ్రూస్ గాట్’ను తెలుగులో ఏమనాలి?

జవాబు: ఆ ఘనత కమ్యూనిస్టులకు కట్టబెట్టనక్కర్లేదండీ. ఉత్తర జర్మనీలోని హాంబుర్గ్ ఏనాడూ వాళ్ల ఏలుబడిలో లేదు, అయినా అక్కడా ‘గూటెన్ టాగ్’ అనే అంటారు. ‘గ్రూస్ గాట్’ దక్షిణ జర్మనీలోని బవేరియా రాష్ట్రం, ఆస్ట్రియాల మాట. క్యాథలిక్కుల మాట అని తేల్చేసేవాళ్లూ ఉన్నారు, అదీ ఇక్కడ నిలవదు. ఈ ఊరికి దగ్గరి పట్టణం హోఫ్ చుట్టుపక్కల ప్రొటెస్టెంట్లయిన లూథరన్లే ఎక్కువ.

ఊరి మధ్యగా పారే టాన్‌బాఖ్, గట్టిగా అంగ వేస్తే దాటగలిగేంత వాగు. 1810లో బైరాయ్ట్ సంస్థానం బవేరియా రాజ్యంలో కలిశాక, ఆ వాగు వెంట సరిహద్దు రాళ్లు పాతారు. ఇటు బవేరియా, అటు రాయిస్ అనే చిన్న సంస్థానపు ప్రభువులది. అయినా జనం వాటిని పట్టించుకోలేదు. బడీ, సారాయి దుకాణమూ అటువైపు, ఆదివారం చర్చికి వెళ్లడం ఇటువైపు తోపెన్ అనే ఊరికి. రెండు పలకరింపులూ రోజూ ఎదురుపడుతూనే ఉండేవి.

అసలు కథ 1952 నుంచి. అప్పటికి ఆ వాగే పశ్చిమ జర్మనీకీ (ఇటు), తూర్పు జర్మనీకీ (అటు) సరిహద్దు. ముందు చెక్కల కంచె, 1966లో కాంక్రీటు గోడ: 700 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల ఎత్తు. అమెరికన్ సైనికులు ఊరికి ‘లిటిల్ బెర్లిన్’ అని పేరు పెట్టారు. పడమటివాళ్లు గోడ దగ్గరికి వచ్చి చెయ్యి ఊపవచ్చు. తూర్పువాళ్లు తిరిగి ఊపకూడదు, నిషేధం. అటు ఉన్నది సొంత బంధువే అయినా సరే. ‘గ్రూస్ గాట్’కు ‘గూటెన్ టాగ్’ అని బదులు చెప్పే వీలు కూడా లేకపోయింది. కాబట్టి గోడ రెండు పలకరింపులను పుట్టించలేదు, ఉన్న రెండింటినీ ఒకదానికొకటి వినపడకుండా చేసింది. 1989 డిసెంబరు 9న నడిచి దాటడానికి దారి తెరిచారు. 1990 జూన్ 17న యంత్రంతో గోడ కూల్చారు. కొంత ముక్కను మ్యూజియం కోసం ఉంచారు.

ఇక అర్థం. ఇది ‘గ్రూస్ డిష్ గాట్’ అనేదానికి కుదింపు, ‘దేవుడు నిన్ను పలకరించుగాక’ అని. పాత వాడుకలో ఆ ‘పలకరింపు’లో దీవెన కూడా ఉంది. ‘దేవుడు చల్లగా చూడాలి’ అంటే భావం బాగా పడుతుంది.

మరొకరు: భావం సరే గానీ, మన దగ్గర అది పెద్దలు చిన్నవాళ్లను దీవించే మాట. దుకాణంలో అడుగు పెడుతూ యజమానితో ‘దేవుడు నిన్ను చల్లగా చూడాలి’ అంటే ఆయన కంగారు పడతాడు. అనువాదంలో ‘నమస్కారమండీ’ అని పెట్టి ఊరుకోవడం మేలు.

జవాబు: నిజమే, సంభాషణలో అయితే ‘నమస్కారమండీ’. కానీ కథలో అటువాడూ ఇటువాడూ ఎదురుపడే చోట రెండింటికీ ‘నమస్కారం’ రాస్తే ఊరి కథే పోతుంది. అక్కడ జర్మన్ మాటలే ఉంచేయాలని నా అభిప్రాయం.

ప్రశ్న: గోడ పోయి ఇన్నేళ్లయింది కదా, ఇప్పుడైనా ఒకే ఊరా?

జవాబు: మ్యాపులో ఒకటే, కాగితాల మీద రెండు. ఇటు సగం బవేరియాలోని తోపెన్ కింద, అటు సగం, పాత తూర్పు జర్మనీలో భాగమైన థురింగియా రాష్ట్రంలోని గేఫెల్ కింద. పిన్‌కోడు ఇటు 95183, అటు 07926. కారు నంబరు పలక మీద ఇటు హోఫ్ అక్షరాలు, అటు వేరే జిల్లావి. జనాభా యాభై మందికి అటూ ఇటూ. ఊరి పేరు చివరి ‘రాయ్ట్’ అడిగేవారుంటారు కాబట్టి చెబుతున్నాను: అడవి కొట్టి సాగులోకి తెచ్చిన చోటు అని దాని అర్థం. ఆ ప్రాంతంలో అలాంటి పేర్లు చాలా ఉన్నాయి, బైరాయ్ట్‌లో ఉన్నదీ అదే.